గొర్రెల లెక్క కోసం నందికొండ దాకా

హైదరాబాదు నుంచి నాగార్జున సాగర్ చూడడానికి వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. కారులో పోయి, డ్యాము ముందు నిలబడి ఫోటో దిగి, చేపముక్క తిని, చీకటి పడేలోపు ఇల్లు చేరి ఉంటారు. నేను అలా వెళ్ళలేదు. బస్సులు మారుతూ, చుట్టుదారిన, మూడు రోజులు వెళ్ళాను. అది కూడా గొర్రెల కోసం.

ముందు నా సంగతి చెప్పాలి. మాది తణుకు దగ్గర పల్లె. పదమూడేళ్ళుగా హైదరాబాదులో ఉద్యోగం. ఫోను తెర మీద ఏ బొత్తం ఎక్కడుండాలి, ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి అని తేల్చడం నా పని. దీనికి ఎవరైనా జీతమిస్తారంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు.

మా చిన్న కంపెనీ గొర్రెల కాపరుల కోసం ఒక యాప్ చేసింది. అందులో నేను ఎనిమిది నెలలు కూర్చుని గీసిన ఆకుపచ్చ బొత్తం ఒకటుంది. మంద వైపు ఫోను పట్టి దాన్ని నొక్కితే ఫోటో తీసి, ఏఐ గొర్రెలన్నిటినీ లెక్కపెట్టి, ఎన్నున్నాయో పైకి చెబుతుంది. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని గొంతు పెట్టించింది నేనే. గాలిలో కూడా వినపడాలని గట్టిగా పెట్టించిందీ నేనే.

ఇంత ముద్దొచ్చే బొత్తాన్ని ఒక్క కాపరీ నొక్కడం లేదు. యాప్‌లో వాన ఎప్పుడో చూస్తున్నారు, మందుల పేర్లు వింటున్నారు, నా బొత్తాన్ని మాత్రం ముట్టడం లేదు. "తనంతట తాను నొక్కిన కాపరి వీడియో ఒక్కటి పట్రా. లేదంటే సోమవారం దాన్ని పీకేస్తాను" అన్నాడు మా మేనేజరు. నాకు ఒళ్ళు మండింది. పీకెయ్యడానికి అదేమైనా పిప్పిపన్నా? శుక్రవారం పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాను.

చౌటుప్పల్: రెండు ఫోన్ల సంభాషణ

ఆడవాళ్ళకి బస్సు ఉచితం, కార్డు చూసి సున్నా టికెట్టు ఇస్తారు. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, నన్ను చూసి, మళ్ళీ కార్డు చూశాడు. "ఇది మీరేనా మేడం?" అన్నాడు. నేనేనని ఒట్టేశాను. ఆ ఫోటోలో నన్ను మా అమ్మ కూడా గుర్తుపట్టలేదు కాబట్టి అతన్ని తప్పుపట్టను.

చౌటుప్పల్‌లో దిగి చాయ్ తాగాను. పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత. మా గోదావరి వైపు టీ ఇస్తే దాంతో పాటు కాస్త కబురు కూడా మొదలవుతుంది. ఇక్కడ కబురు ముందే జరుగుతోంది, చాయ్ తరవాత వచ్చింది. పక్కన మందుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చినతను ఫోను చూసుకుంటూ నవ్వుతున్నాడు. శ్రీశైలం అని పేరు చెప్పాడు. సెలవు చీటీలన్నీ ఏఐతో రాయిస్తాడట.

"మొదలు రాపిచ్చినప్పుడు దొరికిపోయిన మేడం," అన్నాడు. "కడుపు నొస్తాంది అని రాయమంటే, 'నా ఉదర సంబంధ అస్వస్థత మీకు కలిగించు అసౌకర్యమునకు చింతిస్తూ' అని రాసింది. మా సూపర్‌వైజర్ పిలిచి, గీ ఉదరం ఎవలిదిరా అన్నడు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు, జర తక్వ సదువుకున్నోని లెక్క రాయి అని చెప్తున్న. మంచిగ రాస్తాంది. రెండు తప్పులు కూడ పెడ్తాంది." ఫోను నా వైపు తిప్పాడు. "గని మా సారు గూడ నేర్చిండు. జవాబు ఏఐతోనే ఇస్తుండు. నా ఫోను, ఆయన ఫోను ముచ్చట పెట్టుకుంటున్నయ్. మేమిద్దరం ఈడనే చాయ్ తాగుతున్నం."

నిజమే. రెండు బల్లల అవతల కూర్చున్నాయన వైపు చూపించాడు. ఆయన మర్యాదగా చెయ్యూపాడు. నేను ఆశగా, మీకు గొర్రెలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఇద్దరికీ లేవు.

నకిరేకల్: నీళ్ళు ఉచితం

మధ్యాహ్నానికి నకిరేకల్. బస్సు దిగగానే నిమ్మకాయల వాసన ముక్కుకు తగిలింది. బస్తాలు బస్తాలుగా లారీలకెక్కుతున్నాయి. బస్టాండు ఎదురుగా ఒకావిడ జొన్నరొట్టెలు చేసి అమ్ముతోంది. రొట్టె ఇరవై, కోడికూర వంద. మా ఇంట్లో రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఇక్కడి రొట్టె తిన్నాక నాకు తణుకు మీద కోపం వచ్చింది, ముప్పై ఏళ్ళు నా దగ్గర ఈ సంగతి దాచినందుకు. కూర మాత్రం నాలుక మీద నిప్పు పెట్టింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, నా ఉద్యోగం ఏమిటో అప్పటికే అడిగి తెలుసుకున్న ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు ఫోన్ల పని చేసేదానివా? జర గిది సూడు." ఎవరో దారినపోయేవాడు ఇంటర్నెట్‌లో ఆవిడ హోటలుకి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, "కారం ఎక్కువ" అని రాసి పోయాడు. దానికి జవాబు రాయాలట. నేను గర్వంగా ఏఐని అడిగాను. అది క్షణంలో, "మీకు కలిగిన ఇబ్బందికి హృదయపూర్వక క్షమాపణలు, ఇకపై కారం తగ్గిస్తాము" అని రాసింది. చదివి వినిపించాను.

ఆవిడ లేచి నిలబడింది. "ఎవలు తగ్గిస్తరు? దానికి ఎవలు చెప్పిన్రు తగ్గిస్త అని? నా పొయ్యికాడ కూసుని నన్ను అడగకుంట మాటిచ్చుడేంది?"

సర్ది చెప్పబోయాను. ఏఐ అలవాటు అంతేనని, ఎవరేమన్నా ముందు క్షమాపణ చెబుతుందని అన్నాను. "అట్లయితే అది హోటలు నడపలేదు" అని తేల్చేసి తనే చెప్పింది, నేను రాశాను. "నీళ్ళు ఉచితం." అంతే జవాబు. నా వృత్తిలో ఇంత పొదుపైన వాక్యం నేనెప్పుడూ రాయలేదు. ఆవిడ బావగారికి గొర్రెలున్నాయి గానీ, ఆయన ఫోను బావిలో పడిందట.

హాలియా దాటాక: పెద్ద గొంతు

శనివారం నల్లగొండలో బస్సు మారి హాలియా, అక్కణ్ణుంచి ఆటోలో కాలువ పక్కకు చేరాను. వరి కోతలు అయిపోయి మళ్ళు ఖాళీగా ఉన్నాయి. మా వైపు అయితే కోత కాగానే మినుము చల్లేస్తారు. ఇక్కడి రైతులు గొర్రెల మందను పిలుస్తారు. మంద నాలుగు రాత్రులు పొలంలో పడుకుంటే పొలానికి అదే ఎరువు. కాపరులకి బియ్యం ఇస్తారు. అలా మహబూబ్‌నగర్ వైపు నుంచి ప్రతి చలికాలం నడిచి వచ్చే దంపతులు దొరికారు. లింగమ్మ, మల్లయ్య.

లింగమ్మకు అరవై దగ్గర. ఫోనును గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకుంది. అందులో మా యాప్ ఉంది! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎలా ఉందమ్మా అని అడిగాను.

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఊకె అడుగుతది. అవునా, కాదా? ఒప్పుకుంటవా, ఒప్పుకోవా? పొద్దుగాల నుంచి గదే లొల్లి. నలభై ఏండ్ల సంది మా ముసలోడు గూడ నన్ను గన్నిసార్లు అడగలె."

"అడిగితే ఒప్పుకుంటదా?" అన్నాడు మల్లయ్య మూతి బిగించి.

ఆ ప్రశ్నల తెరలు కూడా నేనే గీశానని చెప్పలేదు. గిన్నెలో గటక పోసి మజ్జిగ కలిపి ఇచ్చింది, తాగాను. జొన్నతో చేసిన అంబలి లాంటిదది, కాకపోతే చెంచా నిలబడేంత చిక్కన. ఇక నా పని మొదలుపెట్టాను. "మీకు గొర్రెలెన్ని ఉన్నాయమ్మా?"

లింగమ్మ మబ్బుల వైపు చూసింది. "ఈ ఏడు సలి ఎక్వనే ఉన్నది" అంది.

వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను. మల్లయ్య దగ్గాడు. మూడోసారి అడిగితే లింగమ్మ ఇంకో గరిటె గటక పోసింది. ఇంగితం ఉన్నవాళ్ళెవరైనా అక్కడ ఆగిపోతారు. నేను మాత్రం, పాపం లెక్క రాదు కాబోలు, వీళ్ళ కోసమే కదా నా బొత్తం అనుకున్నాను. పొద్దు వాలుతుండగా మంద వలల దడిలోకి వచ్చి చేరింది. ఎంత అందంగా ఒకే చోట సర్దుకున్నాయో! వాళ్ళు అటు తిరిగి ఉండగా నా ఫోను ఎత్తి బొత్తం నొక్కాను.

ఫోను ఆ అంకెను పొలమంతా వినపడేలా అరిచింది. పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడు కట్నాలు చదివినంత గట్టిగా అరిచింది. అంతటితో ఊరుకోక, బాగా వినాలంటే మరోసారి నొక్కమని కూడా చెప్పింది.

లింగమ్మ చేతిలో కర్ర కింద పడిపోయింది. "ఏమన్నది గది?"

"మీ మంద లెక్కమ్మా," అన్నాను, ఇంకా చిరునవ్వుతోనే.

ఆవిడ గుప్పెడు మన్ను తీసి, మంద చుట్టూ మూడుసార్లు తిరిగి, దిష్టి తీసి కాలువలో పారేసి వచ్చింది. నన్నేమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మందను నోటితోని లెక్కవెట్టరు బిడ్డా. వెడ్తే తగ్గుతయి. మా అవ్వ వెట్టలే, నేను వెట్టలే" అంది.

"మరి ఒకటి తప్పిపోతే ఎలా తెలుస్తుంది?"

"మీ ఇంట్ల అందరు అన్నానికి కూసున్నప్పుడు ఎవలు రాలేదో లెక్కవెట్టి తెలుసుకుంటవా?"

ఈ యాప్ చేసేటప్పుడు మేము అయిదు కంపెనీల యాప్‌లు చూశాం, రంగుల మీద రెండు వారాలు కొట్టుకున్నాం, బొత్తం మూలలు ఎంత గుండ్రంగా ఉండాలో ఓటింగ్ పెట్టుకున్నాం. గొర్రెల్ని లెక్కపెట్టొచ్చా అని ఒక్క కాపరిని అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ రాత్రి ఆ పొలం రైతు ఇంట్లో నాకు పడక చూపించారు, కానీ నిద్ర సరిగా పట్టలేదు.

అక్కడే, తెల్లవారాక: బొట్టుది

ఆదివారం పొద్దున నేను పొలానికి వెళ్ళేసరికి లింగమ్మ దడి దగ్గర నిలబడి ఉంది. మందను ఒక్క చూపు చూసింది. "బొట్టుది లేదు" అంది.

నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గొర్రె అది. తొలిచూలు, ఈనడానికి దగ్గర పడింది. వలకి ఓ మూల ముడి ఊడి ఉంది. ముడి సరిగా వెయ్యనిది మల్లయ్యే, కానీ నేరం నా ఫోను మీద పడింది. న్యాయంగానే పడిందని అప్పుడే నాకూ అనిపించడం మొదలైంది.

అయినా వృత్తిగర్వం ఒక పట్టాన చావదు. అన్నీ ఉన్నాయేమో, యంత్రం చూసి చెబుతుందిలే అన్నాను. ఈసారి గొంతు నొక్కేసి, తెర మీద అంకె మాత్రమే వచ్చేలా పెట్టాను. ఫోనును గట్టు మీద రాయికి ఆనించి, పది సెకన్ల గడువిచ్చి, మందంతా ఫోటోలోకి వచ్చేలా వెనక నుంచి తోలడానికి పరుగెత్తాను. చలికి మల్లయ్య ఇచ్చిన నల్లగొంగడి కప్పుకుని ఉన్నాను. బురదలో కాలు జారి మంద మధ్యలో చతికిలబడ్డాను. అప్పుడే ఫోటో పడింది.

వెళ్ళి చూస్తే నిన్నటి అంకే. ఒక్కటి కూడా తగ్గలేదు. "చూశారా, అన్నీ ఉన్నాయి!" అని కేకేశాను. మల్లయ్య వంగి తెర చూశాడు. ఏఐ ఒక్కో గొర్రె చుట్టూ ఒక్కో పచ్చగీత గీసి ఉంచుతుంది. ఒక గీత లోపల గొంగడి కప్పుకుని, నోరు తెరిచి నేనున్నాను.

"లెక్క కుదిరింది," అన్నాడు మల్లయ్య చాలా గంభీరంగా. "నీ చెవుకు గూడ మా గుర్తు గాటు వెట్టుమంటవా బిడ్డా? మంద మారకుంట ఉంటది."

అంత దిగులులోనూ లింగమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత మెడలోని సంచి విప్పి తన ఫోను తీసింది. కాపరులకి ఒక గ్రూపు ఉంది. అందులో అక్షరం ముక్క లేదు, ఒక్క శుభోదయం బొమ్మ కూడా లేదు. అన్నీ గొంతులే. మైకు గుర్తు మీద వేలు అదిమి, తల వెనక్కి వాల్చి, నాలుక ఆడిస్తూ లింగమ్మ ఒక కేక పెట్టింది. ఆ కేక నేను రాయలేను. మందలో ప్రతి తలా లేచింది, నాదీ లేచింది. ఆ కేకను గ్రూపులో పంపి, "ఎవల మందల్నన్న గిది ఇని ఎగిరే గొర్రె ఉంటే చెప్పుండ్రి" అంది.

అరగంటలో జవాబులు వచ్చాయి. మొదటిది ఒక అరుపు. "మ్యాఁ." లింగమ్మ వెంటనే, "గిది ముసల్ది" అంది. రెండోది ఇంకో అరుపు. "గిది మనది గాదు, దీనికి జలుబున్నది." నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. మా ఆఫీసులో వేలిముద్ర తాళం, ముఖం చూసే తాళం అని ఎన్నెన్నో పెట్టారు, చివరికి చెమట పడితే అవి మమ్మల్నే లోపలికి రానివ్వవు. ఈవిడ జలుబు కూడా పట్టేస్తోంది.

మూడో అరుపు వినగానే లింగమ్మ ఫోనును బుగ్గకు ఆనించుకుంది. "గిదే! నా తల్లి, గిదే!" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఎందుకు దాచాలి? తెల్లారకముందే సాగర్ డ్యాము పక్కనున్న నందికొండకు పోతూ కాలువ గట్టున దాటిన ఇంకో మందలో బొట్టుది కలిసిపోయిందట.

నందికొండ: నాకు వచ్చిన ఒకే ఒక్క అభిప్రాయం

ఆటో మాట్లాడుకుని నేనూ లింగమ్మా బయలుదేరాం. కిరాయి నేనిస్తానన్నాను, ఆవిడ కాదనలేదు. డ్యాము కట్టేటప్పుడు వేసిన పాత క్వార్టర్లు దాటి, ఖాళీ జాగాలో మంద కనిపించింది. అక్కడి కాపరి ఫోనులో లింగమ్మ కేక మళ్ళీ పెట్టాడు. మందలోంచి తెల్లబొట్టున్న గొర్రె ఒకటి అందరినీ తోసుకుంటూ వచ్చి ఫోనుకి ముక్కు ఆనించింది. పక్కనే నిలబడ్డ అసలు లింగమ్మను అది అప్పుడు చూసింది. ఫోనునీ ఆవిణ్ణీ మార్చిమార్చి చూసి, ఆలోచించి, ఆవిడ దగ్గరికే వచ్చింది. ఆ కాపరి అది తనదని ఒక్క మాట అనలేదు, మాకు చేపలు తిని పొమ్మని మాత్రం చెప్పాడు.

నూట ఇరవైకి ప్లేటు వేపుడు చేప తిన్నాం. ముల్లు తక్కువ, కారం నకిరేకల్ కంటే నయం. తిరుగుదారిలో ఆటో వెనక సీట్లో ముగ్గురం కూర్చున్నాం, బొట్టుది మధ్యలో. డ్యాము అద్దంలో కాసేపు కనిపించింది. నేను తెచ్చుకున్న కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను. "ఈ బొత్తం మీకు ఎలా అనిపించింది?" అని అచ్చు వేయించినవి. చూసేసరికి బొట్టుది వాటిలో సగం నమిలేసింది. నా బొత్తం మీద ఈ మూడు రోజుల్లో వచ్చిన అభిప్రాయం అదొక్కటే.

దారిలో లింగమ్మ, అసలు ఎందుకొచ్చినవ్ బిడ్డా అని అడిగింది. దాచకుండా చెప్పాను. వీడియో సంగతి, సోమవారం సంగతి, ఎనిమిది నెలల సంగతి. ఆవిడ బొట్టుదాని వీపు నిమురుతూ వింది. పొలం చేరి గొర్రెను మందలో వదిలాక, తన ఫోను తీసి మా యాప్ తెరిచింది.

"నీ కష్టం పోతదంటివి గద. నొక్కుత, నువ్వు తీసుకో వీడియో" అంది.

నేను నమ్మలేకపోయాను. నా ఫోను ఎత్తి పట్టుకున్నాను. లింగమ్మ చెప్పులు విప్పింది. బొటనవేలిని కొంగుకు తుడుచుకుంది. మంద వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని, ఫోనును మాత్రం మంద వైపు చాచింది. పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటోంది. మల్లయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా నేను కలగన్న దృశ్యం నా తెర మీద ఉంది. వేలు, ఆకుపచ్చ బొత్తం, ఇంకా గోరంత దూరం.

నాకు చచ్చేంత సిగ్గేసింది. పరుగెత్తి ఆవిడ వేలు పట్టుకున్నాను. "వద్దమ్మా," అన్నాను. "మీరు నొక్కద్దు. నేనే పీకేస్తాను దాన్ని."

"గంత పని చేసినవ్ గద దాని మీద?"

"చేశాను. తప్పు చేశాను."

లింగమ్మ ఊపిరి వదిలి చెప్పులు వేసుకుంది. మల్లయ్య తలపాగా చుట్టుకుంటూ, బొత్తం రంగు మాత్రం మంచిగుందన్నాడు. బస్సెక్కే ముందు నా ఫోనులో దాచి ఉన్న ఫోటోలు, లెక్కలు అన్నీ చెరిపేశాను, గొంగడి కప్పుకున్నదాంతో సహా.

హైదరాబాదు: సోమవారం

మీటింగులో నేనే నిలబడి, బొత్తం తీసేద్దాం, ఎవరూ నొక్కలేదు, నొక్కరు కూడా అని చెప్పాను. దాని బదులు ఏం పెడదాం అన్నాడు మేనేజరు. ఖాళీ జాగా ఉంచుదాం అన్నాను. నన్ను వింతగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు. తరవాత రిపోర్టు తిరగేస్తూ ఒక గడి దగ్గర ఆగాడు.

"ఇక్కడ మందలో గొర్రెలెన్నో రాయలేదేంటి? ఏఐ సరిగ్గా చెప్పిందో లేదో తెలియాలిగా. ఎన్ని ఉన్నాయి?"

ఆ అంకె నాకు తెలుసు. పొలమంతా వినపడేలా విన్నాను. మా మేనేజరు మూడుసార్లు అడిగాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఈ ఏడు చలి ఎక్కువగానే ఉందన్నాను. ఇంత దూరం నాతో వచ్చారు గనక మీకూ అడగాలని ఉంటుందని తెలుసు. కానీ బొట్టుది ఈ నెలలోనే ఈనాలి. దయచేసి మీరూ అడగకండి.